టైల్స్ పని ఎవరికివ్వాలి? సిమెంటా, గమ్మా? అడుగు లెక్కా, రోజు కూలీనా?

మా హాలుకు టైల్స్ ఎంచుకోవడానికి నాలుగు ఆదివారాలు షాపుల చుట్టూ తిరిగాం. వాటిని వేసే మనిషిని ఎంచుకోవడానికి ఒక్క ఫోన్ కాల్ పట్టింది. గోడలు కట్టిన మేస్త్రీయే "టైల్స్ కూడా మావాళ్ళే వేసేస్తారండీ, వేరేవాళ్ళు ఎందుకు?" అన్నాడు. సరేనన్నాం. మూడో ఎండాకాలం, మే నెల మధ్యాహ్నం పూట, హాల్లో ఎవరో కొబ్బరికాయ కొట్టినట్టు చప్పుడైంది. వెళ్ళి చూస్తే సోఫా ముందు రెండు టైల్స్ ఒకదాన్నొకటి నెట్టుకుని గుడిసె కప్పులా పైకి లేచి ఉన్నాయి. సాయంత్రానికి అదే వరుసలో ఇంకో నాలుగు లేచాయి. ఒక్కటీ పగల్లేదు. తిరగేసి చూస్తే వెనక వైపు అప్పుడే పెట్టెలోంచి తీసినంత శుభ్రంగా ఉంది. మూడేళ్ళుగా అవి నేలకు అంటుకోకుండానే, బరువు కొద్దీ పడి ఉన్నాయన్నమాట.

ఆ తర్వాత అమ్మానాన్నల ఫ్లాట్‌లో రెండు బాత్రూములు చేయించాను. తర్వాత మా హాలు మళ్ళీ వేయించాను. అందుకే ఎవరైనా "ఏ కంపెనీ టైల్స్ మంచివి?" అని అడిగితే, ముందు వేసేది ఎవరో చెప్పమంటాను. ఆ మనిషి చెయ్యి దేనికి అలవాటు పడిందో తెలిస్తే మిగతా నిర్ణయాలు సగం తేలిపోతాయి.

బండలకు అలవాటు పడిన చెయ్యి

మన దగ్గర చాలామంది తాపీ మేస్త్రీలు ఈ పని నేర్చుకున్నది తాండూరు బండల మీద, బేతంచెర్ల నాపరాళ్ళ మీద. బండలు అన్నీ ఒకే మందంలో ఉండవు. ఒకటి అంగుళం ఉంటే దాని పక్కది అంగుళంన్నర ఉంటుంది. అందుకని కింద మందంగా సిమెంటు మాలు పోసి, రబ్బరు సుత్తితో కొట్టి, ఒక్కో రాయిని లెవెల్‌కు దించాలి. నాపరాయి కాస్తో కూస్తో నీళ్ళు పీలుస్తుంది కాబట్టి సిమెంటు పాలు దాన్ని బాగానే పట్టుకుంటాయి. ఆ పద్ధతి బండలకు సరైనదే, తప్పేమీ లేదు.

విట్రిఫైడ్ టైల్ సంగతి వేరు. మందం అంతా ఒకటే, కానీ నీళ్ళు తాగదు. నీటిని పీల్చే గుణం దానిలో అర శాతం లోపే. కావాలంటే ఇంట్లోనే చూడండి: గోడకు వేసే మామూలు సెరామిక్ టైల్ వెనక నాలుగు చుక్కల నీళ్ళు వెయ్యండి, చూస్తుండగానే ఇంకిపోతాయి. విట్రిఫైడ్ వెనక వేస్తే ముత్యాల్లా నిలబడతాయి. సిమెంటు పాలు లోపలికి ఇంకి గట్టిపడటం వల్లే పట్టు వస్తుంది. ఇంకే దారి లేని టైలు కింద సిమెంటు తన మానాన తాను గట్టిపడుతుంది, టైలు తన మానాన తాను ఉంటుంది. మా హాల్లో జరిగింది ఇదే. దానికి తోడు జాయింట్లే వదలకుండా, గోడదాకా బిగించి వేశారు. ఎండకు టైలు వెంట్రుకవాసి పెరిగినా చోటుండాలి కదా. పక్కకు చోటు లేక, కింద పట్టు లేక, పైకి లేచాయి.

సిమెంటా, గమ్మా

షాపువాళ్ళు టైల్ అడ్హెసివ్ అనేదాన్నే మేస్త్రీలు గమ్ము అంటారు. పేరును బట్టి ఫెవికాల్ లాంటిదనుకోకండి. అది కూడా సిమెంటు పొడే, అందులో పట్టు కోసం పాలిమర్లు కలుపుతారు. సంచి మీద ఐఎస్ 15477 అని భారతీయ ప్రమాణం నంబరు, దాంతోపాటు టైప్ నంబరు ఉంటుంది. నంబరు పెరిగేకొద్దీ పట్టు, ధర రెండూ పెరుగుతాయి. టైప్ 1 చవక, సెరామిక్‌కు సరిపోతుంది. విట్రిఫైడ్‌కు టైప్ 2 కన్నా తక్కువ తీసుకోవద్దు. పెద్ద పలకలకు, బయటి గోడలకు ఆ పైది అడగండి.

ధర పోల్చేటప్పుడు చాలామంది సంచికి సంచి పోలుస్తారు. 50 కిలోల సిమెంటు సంచి పక్కన 20 కిలోల గమ్ము సంచి ధర చూసి గుండె పట్టుకుంటారు. కానీ పని జరిగేది కిలోల్లో కాదు, మందంలో. వంద చదరపు అడుగులకు అంగుళంన్నర మందం మాలు పోస్తే నేల మీద దాదాపు ఏడు క్వింటాళ్ళ బరువు పడుతుంది. ఆ ఇసుక, ఆ సిమెంటు, మూడో అంతస్తుకైతే మోత కూలీ, అన్నీ లెక్కలోకి రావాలి. గమ్ము 3 మిల్లీమీటర్ల మందాన అదే వంద అడుగులకు సుమారు రెండు సంచులు, అంటే 40 కిలోలు సరిపోతుంది.

అలాగని గమ్మే గెలిచినట్టు కాదు. గమ్ము 3 మిల్లీమీటర్లలో పనిచేస్తుందంటే కింద నేల కూడా ఆ లెక్కలోనే చదునుగా ఉండాలి. ఆరడుగుల అల్యూమినియం బద్ద నేల మీద ఆనించి చూడండి. కింద వేలు దూరేంత సందులు కనిపిస్తే ముందు సిమెంటు మాలుతో బెడ్ (అడుగు పొర) వేసి, లెవెల్ చేసి, తడిపి, ఆరనివ్వాలి. అప్పుడు అది రెండు పనుల ఖర్చు. "గమ్ముతోనే లెవెల్ చేసేస్తాం సార్" అనే మేస్త్రీ ఉంటే, అతను మీ డబ్బుతో గుంతలు పూడుస్తున్నాడని అర్థం. అంత మందంగా వేసిన గమ్ము సరిగా ఆరదు, ఆరుతూ కుంగుతుంది కూడా.

ఇక నా అభిప్రాయం. కింది అంతస్తు, నేల ఎగుడుదిగుడు, రెండడుగుల చదరపు టైల్స్, బడ్జెట్ టైట్ అయితే సిమెంటు మీద వేయించుకోవచ్చు. కాకపోతే దగ్గర కూర్చోవాలి. మాలు తట్టి గట్టిపరచకుండా పైన పొడి సిమెంటు చల్లి, దాని మీద నీళ్ళు చిలకరించి టైలు పరిచేస్తుంటే అక్కడే ఆపించండి. సిమెంటు పాలు చిక్కగా, మూలమూలకూ పోయాలి. రెండడుగులకు నాలుగడుగుల పలకలైతే, లేదా గోడకు విట్రిఫైడ్ అయితే, బాత్రూమ్ అయితే గమ్మే. దీనిలో బేరం లేదు. ఆ పెద్ద పలక ఒక్కోటి 14, 15 కిలోలు ఉంటుంది. ఎదురు గోడ మీద ఆరడుగుల ఎత్తులో అది సిమెంటు పాల మీద నిలబడి ఉందని తెలిస్తే నాకైతే స్నానం చేసేటప్పుడు టెన్షనే.

పాత టైల్స్ మీదే కొత్తవి వేయాలనుకుంటే అక్కడా గమ్మే దారి. పగలగొట్టే దుమ్ము, చప్పుడు, రాళ్ళు మోయించే ఖర్చు మిగులుతాయి. నేల దాదాపు అర అంగుళం పెరుగుతుంది, తలుపుల కింద కోయించాలి. కానీ ముందు పాతవాటిని రూపాయి బిళ్ళతో తట్టి చూడండి. డొల్ల మోత వచ్చినవి పీకేయాల్సిందే. ఊడబోయేదాని మీద ఎంత మంచి గమ్ము పెట్టినా ఊడబోయేదే.

గమ్ము ఉంటే సరిపోదు, పెట్టడం రావాలి

అమ్మావాళ్ళ బాత్రూములో మొదట వచ్చినతను మంచి గమ్మే తెప్పించాడు. దాన్ని గోడ టైలు వెనక లడ్డూల్లా ఐదు ముద్దలు పెట్టాడు, నాలుగు మూలలకు నాలుగు, నడుమ ఒకటి. గోడకు నొక్కి, రసమట్టం పెట్టి చూపించి "చూడండి, గుండు వేసినట్టుంది" అన్నాడు. నిజమే, నిట్టనిలువుగా ఉంది. కానీ ముద్దకూ ముద్దకూ మధ్య అంతా ఖాళీ. రేపు గీజర్‌కో, సబ్బు స్టాండ్‌కో డ్రిల్ పెడితే ఆ ఖాళీ మీదే టైలు పగులుతుంది. నీళ్ళు దూరితే అక్కడే నిలుస్తాయి. గోడ ప్లాస్టరింగు వంకరగా ఉన్నప్పుడు మేస్త్రీలు ఇలా సర్దుకుంటారు. గోడ సరిచేయడానికి రెండు రోజులు పడుతుంది, ముద్దలు పెట్టడానికి రెండు నిమిషాలు చాలు.

తర్వాత వచ్చినతను మొదట చేసిన పని టైలు వెనక్కి తిప్పి తడిగుడ్డతో తుడవడం. బట్టీలో అంటుకోకుండా కంపెనీలో పూసే తెల్లటి పొడి కొన్ని టైల్స్ వెనక మిగిలి ఉంటుంది. దాన్ని తుడవకపోతే గమ్ము ఆ పొడిని పట్టుకుంటుంది, టైలును కాదు. తర్వాత బకెట్లో సంచి మీద రాసినంత నీళ్ళు కొలిచి పోసి, డ్రిల్లుకు మిక్సర్ కర్ర తగిలించి కలిపి, ఐదు నిమిషాలు వదిలేసి మళ్ళీ కలిపాడు. పళ్ళ తాపీతో గోడ మీద గీతలన్నీ ఒకే వైపుకు గీశాడు, పొలంలో నాగలి చాళ్ళలా. టైలు వెనక కూడా పలచగా ఒక పూత రాశాడు. ఒకేసారి రెండు మూడు టైల్స్‌కు సరిపడా మాత్రమే గోడకు పూసేవాడు. ఎందుకని అడిగితే "ఎండలకు పైన పొర కట్టేస్తుందండీ, తర్వాత అంటదు" అన్నాడు. గట్టిపడిన మిగులులో నీళ్ళు కలిపి మళ్ళీ వాడకుండా పారబోశాడు. పారబోసినప్పుడు డబ్బులు పోతున్నాయని నాకు ప్రాణం ఉసూరుమంది, అది వేరే సంగతి.

మీరు పరీక్ష పెట్టాలంటే ఒకటే. వేసిన మొదటి రోజు, ఏదో ఒక టైలును వెంటనే పైకి లేపి చూపించమనండి. వెనక గమ్ము దాదాపు అంతటా పరుచుకుని, మూలలదాకా అంటి ఉండాలి. చాళ్ళు చాళ్ళుగానే మిగిలితే సరిగా నొక్కలేదన్నమాట. పని తెలిసినవాడు దీనికి కోపం తెచ్చుకోడు. కోపం తెచ్చుకున్నాడంటే మీకు సమాధానం దొరికినట్టే.

మనిషిని ఎంచుకోవడం

మీ ముందు సాధారణంగా మూడు దారులుంటాయి. ఇల్లు కట్టిన మేస్త్రీకే ఇవ్వడం, టైల్స్ మాత్రమే వేసే బృందాన్ని పెట్టుకోవడం, టైల్స్ కొన్న షాపువాళ్ళు పంపిన మనిషితో వేయించడం. ఇంటీరియర్ వాళ్ళకు మొత్తం గుత్తకు ఇచ్చేస్తే వాళ్ళు కూడా చివరికి ఈ మూడింట్లో ఒకదాన్నే తెస్తారు, కాకపోతే వాళ్ళ కమీషన్ కలుస్తుంది.

ఇంటి మేస్త్రీకి ఇస్తే ఒక లాభం ఉంది: ప్లాస్టరింగు వంకర పోతే తప్పు వేరేవాళ్ళ మీదకు తోసేయడానికి వీలుండదు. నష్టం ఏమిటంటే, గోడ కట్టడం, టైలు వేయడం రెండూ ఒకే పని అని మనం అనుకుంటాం, కానీ కాదు. వరల్డ్‌స్కిల్స్ అంతర్జాతీయ పోటీల్లో ఇటుక పనికి ఒక విభాగం, టైల్స్ పనికి వేరే విభాగం ఉంటాయి. ఇక్కడ కూడా ఇల్లు కట్టిన మేస్త్రీ మనుషుల్లో ఒకరిద్దరికే టైల్ చెయ్యి ఉంటుంది. ఆ ఇద్దరిలో ఎవరొస్తారో, కనీసం ముగిసేదాకా ఉంటారో లేదో ముందే అడగండి.

విడి బృందాల్లో మనవాళ్ళూ ఉన్నారు, రాజస్థాన్, బిహార్, ఒడిశాల నుంచి వచ్చినవాళ్ళూ ఉన్నారు. ఏ ఊరివాళ్ళన్నది చూడనక్కర్లేదు. పని వేగంగా సాగుతుంది, కటింగ్ శుభ్రంగా ఉంటుంది, సొంత మిషన్లు ఉంటాయి. చిక్కు తర్వాత వస్తుంది. ఆరు నెలలకు ఒక టైలు ఊగితే, వాళ్ళు అప్పటికి ఇంకో ఊళ్ళో ఉంటారు. ఇలాంటివాళ్ళను పెట్టుకుంటే చివరి చెల్లింపు కొంత మిగుల్చుకోవడం తప్పదు. షాపు పంపిన మనిషి విషయంలో నాకు పెద్ద ఫిర్యాదు లేదు, కానీ రేటులో షాపు వాటా ఉంటుందని తెలుసుకుని బేరమాడండి.

ముగ్గురిలో ఎవరినైనా సరే, పాత పని ఫోటోల్లో చూడకండి. ఫోటోలో అన్నీ మెరుస్తాయి. రెండేళ్ళ క్రితం వేసిన ఇల్లు ఒకటి చూపించమనండి, బాత్రూములోకి వెళ్ళి ఒక చెంబు నీళ్ళు పోయండి. నీళ్ళు నాణీ ట్రాప్ (నీళ్ళు బయటికి పోయే జాలీ) వైపు వెళ్తున్నాయా, తలుపు వైపు వస్తున్నాయా చూడండి. బాత్రూము వాలు అడుగుకు ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు ఉంటే చాలు. దాన్ని నాలుగు వైపుల నుంచీ జాలీ దగ్గరికి తేవడంలోనే పనితనం తెలుస్తుంది.

ఇంకో ప్రశ్న అడగండి: "మా హాల్లో ముక్కలు ఎక్కడ వస్తాయి?" పని తెలిసినవాడు వెంటనే జవాబు చెప్పడు. టేపు తీసి కొలుస్తాడు, మూలమట్టం చూస్తాడు. ఒక మూల నుంచి ఒక గోడ మీద మూడడుగులు, రెండో గోడ మీద నాలుగడుగులు గుర్తు పెట్టి, మధ్య దూరం సరిగ్గా ఐదడుగులు వస్తుందా అని కొలుస్తాడు. గది అంగుళం వంకరగా ఉండటం మన ఇళ్ళలో మామూలే. ఆ వంకరను ఎక్కడ దాచాలన్నది మాలు కలపకముందే తేల్చుకోవాలి. తలుపు తీయగానే కనిపించే వరుసలో నిండు టైల్స్, మంచం కిందా బీరువా వెనకా ముక్కలు రావాలి. "గోడ దగ్గర నుంచి మొదలెట్టేస్తే అదే వస్తుందండీ" అనేవాడికి నేనివ్వను. అలా వేస్తే చివరి గోడ దగ్గర రెండంగుళాల ముక్కలు వచ్చి, గది ఎప్పటికీ అతుకులేసినట్టు కనిపిస్తుంది.

డబ్బు లెక్క

అడుగు లెక్కన ఇస్తే తొందరపడతారు. రోజు కూలీకి పెడితే సాగదీస్తారు. ఇది అందరికీ తెలిసిందే. హాలు, బెడ్రూములకు అడుగు లెక్క మంచిది. బాత్రూములకు మాత్రం ఒక్కోదానికి ఇంత అని గుత్త మాట్లాడుకోవాలి. అక్కడ వైశాల్యం తక్కువ, కోతలు ఎక్కువ. అడుగు లెక్క పెడితే మేస్త్రీకి గిట్టదు, గిట్టని పని ఎవరూ శ్రద్ధగా చేయరు. పది పదిహేను టైల్స్ మార్చే రిపేరుకు రోజు కూలీయే నయం.

అడుగుకు 5 రూపాయలు తక్కువ చెప్పినవాడి దగ్గర ఆగిపోకండి. 1,200 అడుగుల ఇంటికి ఆ తేడా 6,000 రూపాయలు. మా హాలు పీకి మళ్ళీ వేయించినప్పుడు వేసిన కూలీకన్నా పగలగొట్టి మోయించడానికే ఎక్కువ ఖర్చయింది. గొడవలు వచ్చేది అసలు రేటు దగ్గర కాదు, పక్క లెక్కల దగ్గర. స్కర్టింగ్ (గోడ అడుగున వేసే పట్టీ) అడుగుకెంత, మెట్లకు ఎంత, గడపలకు ఎంత, మూలల్లో 45 డిగ్రీల కోతకు విడిగా ఎంత, కొళాయి రంధ్రాలకు ఎంత, గ్రౌటింగ్ (టైల్స్ మధ్య సందులు పూడ్చడం) ఇందులోనే ఉందా లేదా, తలుపుల ఖాళీ కొలతలోంచి తీసేస్తారా. ఇవన్నీ కాగితం మీద రాసుకున్నాకే బయానా ఇవ్వండి. సామాను మాత్రం మీరే కొనండి. సామానుతో కలిపి గుత్తకిస్తే మొదట తగ్గేది గమ్మే.

టైల్స్ కొనేటప్పుడు చిన్న లెక్క. రెండడుగుల టైల్స్ నాలుగు ఉన్న పెట్టెను షాపులో 16 చదరపు అడుగులంటారు. నిజానికి అది 600 మిల్లీమీటర్ల టైలు, పెట్టెకు 15.5 అడుగులే వస్తుంది. వెయ్యి అడుగుల ఇంటికి కోతల నష్టం 5 శాతం కలిపి 16 చొప్పున లెక్కేస్తే 66 పెట్టెలు, నిజం లెక్కలో 68 కావాలి. ఆ రెండు పెట్టెలు తర్వాత కొనబోతే అదే బ్యాచ్ దొరకకపోవచ్చు, రంగులో తేడా కళ్ళకు కట్టినట్టు తెలుస్తుంది.

జాయింట్లు, గ్రౌటు

జాయింట్ లేకుండా వేస్తేనే అందమని ఇంకా చాలామంది నమ్ముతారు. మా హాలు కథ విన్నాక కూడా మా బావగారు అలాగే వేయించారు, అది ఆయనిష్టం. టైలుకూ టైలుకూ మధ్య సందు కోసం 2 మిల్లీమీటర్ల స్పేసర్ (చిన్న ప్లాస్టిక్ ముక్క) పెట్టించండి. గోడల దగ్గర కొద్దిగా ఖాళీ వదిలితే స్కర్టింగ్ కింద దాక్కుంటుంది. పొడవాటి పలకలను ఇటుకల వరుసలా సగానికి సగం జరిపి వేయాలని ముచ్చటపడకండి. పెద్ద పలకలు నడుమ సన్నగా ఉబ్బి ఉంటాయి. రెండింటిని ముఖాముఖి ఆనించి చూస్తే తెలుస్తుంది. సగం జరిపితే ఒకదాని ఉబ్బు పక్కదాని అంచు పక్కన వచ్చి కాలికి తగులుతుంది. మూడో వంతు జరిపితే ఆ బాధ తగ్గుతుంది. పక్కపక్క టైల్స్‌ను ఒకే మట్టానికి పట్టి ఉంచే లెవెలింగ్ క్లిప్పులు సాయపడతాయి కానీ టైలు వంపును తీయలేవు.

గ్రౌటులో, గదులకు సిమెంటు గ్రౌటు చాలు. తెల్ల సిమెంటులో రంగు కలిపి రుద్దే పాత పద్ధతి మాత్రం వద్దు, ఏడాదికే నల్లబడుతుంది. వంటగట్టుకు, బాత్రూముకు ఎపాక్సీ (సిమెంటుకు బదులు రెసిన్‌తో చేసే గ్రౌటు) పెట్టించుకోండి, మరక పట్టదు. అది త్వరగా గట్టిపడుతుంది, వెంటనే తుడవకపోతే టైల్ మీద మసక పొర మిగిలి తర్వాత గోకాల్సి వస్తుంది. ఇంతకు ముందు ఎపాక్సీ చేసినవాడితోనే చేయించండి.

బాత్రూములో టైల్స్ పడకముందు వాటర్‌ప్రూఫింగ్ మీద నీళ్ళు కట్టి ఒకటి రెండు రోజులు వదిలి, కింది ఇంటి సీలింగ్ చూసి రండి. పైన టైల్స్ పడ్డాక ఈ అవకాశం మళ్ళీ రాదు.

పని అయిపోయాక ఒక రోజు ఎవరినీ నడవనివ్వకుండా, మర్నాడు రూపాయి బిళ్ళ పట్టుకుని గదంతా తట్టండి. డొల్లగా మోగిన చోట చాక్‌పీసుతో గుర్తు పెట్టి, అవి మార్చాకే మిగిలిన డబ్బు ఇవ్వండి. మిగిలిన టైల్స్ ఒక పెట్టెడు అటక మీద దాచి, పెట్టె మీద బ్యాచ్ నంబరు, ఏ గదివో స్కెచ్ పెన్నుతో రాయండి. మాది రాయలేదు. అటక మీద మూడు రకాల తెల్ల టైల్స్ ఉన్నాయి, ఏది ఏ గదిదో తేల్చడానికి మా ఆవిడా నేనూ ఒక సాయంత్రమంతా ట్యూబ్ లైటు కింద కూర్చున్నాం.